కారం తగలని చెయ్యి

మా ఇంట్లో పెళ్లికో పేరంటానికో నలుగురు కలిస్తే ఒంటికన్ను పిల్లి కథ రాకుండా పోదు. చెప్పేది ఎప్పుడూ మా ఆడబిడ్డే. "మా చిన్నమ్మ చెయ్యి పడ్డది, పిల్లి కన్ను పోయింది" అని మొదలుపెడుతుంది. "ఆ చెయ్యే అసొంటిది" అని ముగిస్తుంది. మధ్యలో ఒక నిట్టూర్పు కూడా ఉంటుంది, అది పిల్లి కోసమో చిన్నమ్మ కోసమో తేల్చి చెప్పదు. వినేవాళ్లు తలలూపుతారు. కొత్తగా వచ్చిన కోడళ్లు కూడా ఊపుతారు. వాళ్లకు పాపం ఆ పిల్లీ తెలియదు, ఆ చెయ్యీ తెలియదు.

అది అబద్ధం. ఆ పిల్లికూనను కొంగులో పెట్టుకొని తిరిగింది నేను. దాని కన్ను తెరుచుకోవడం చూసింది నేను, మూసుకుపోవడం చూసిందీ నేను. మా ఆడబిడ్డ అప్పుడు పినపాకలో అత్తగారింట్లో ఉంది, ఎండాకాలంలో గానీ మా ఊరు రాలేదు. లేని మనిషి సాక్ష్యం చెబుతుంటే ఉన్న మనిషి నోరు మూసుకోవాలా? నేను నోరు తెరిస్తే "వదినె మళ్ల షురూ చేసింది" అని అందరూ నవ్వుతారు. నవ్వనీ. కాగితం మీద ఎవరూ మాటకు అడ్డు రారు కాబట్టి రాసే చెబుతాను.

మా అత్తగారి ఊరు ఏన్కూరుకూ టేకులపల్లికీ నడుమ, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. నేను ఖమ్మంలో బి.ఏ. చదివి ఆ ఇంటికి కోడలిగా వెళ్లినప్పుడు ఎనభైలు సగం దాటాయి. ఊరంతా మిరప. సంక్రాంతి వెళ్లాక కోత ముమ్మరమైతే మూడు నెలల పాటు ఆ ఊళ్లో తుమ్మకుండా రెండు మాటలు మాట్లాడే మనిషి దొరకడు. కాయ కల్లంలో ఎండాక, తెల్లబడ్డ కాయల్ని, మచ్చ పడ్డ కాయల్ని ఏరి పక్కన పోయాలి. వాటిని తాలు అంటారు. తాలు కలిసిన సరుకును ఖమ్మం మార్కెట్లో ముట్టుకునే వాడుండడు. కాయ ఎండబోసి బస్తాల్లో తొక్కడం మగవాళ్ల పని, ఆ ఏరడం ఆడవాళ్ల పని. ఆసామి ఇంటి కోడలైనా, అడవి పక్క గూడెం నుంచి కూలికి వచ్చిన మనిషైనా, పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా ఏరడమే.

కారం పట్టిన చెయ్యి ఎట్లా ఉంటుందో పట్నంలో కూరలో పొడి వేసుకునేవాళ్లకు తెలియదు. గోళ్ల సందుల్లోకి, చేతి గీతల్లోకి దిగుతుంది. సబ్బుకు పోదు. పోయిందనుకుంటాం, పోదు. నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడు కంట్లో నలక పడితే చేతులు కడుక్కొనే వేలు పెట్టి తుడుచుకున్నాను. ఆ పూటంతా బావి దగ్గర కూర్చొని ఏడ్చాను. మా అత్తమ్మ ఆ సంగతి వాడంతా చెప్పింది: "మా కోడలు బియ్యే సదివింది గని, కండ్లు తుడుసుకునుడు రాదు."

పిల్లి సంగతి ఆ మరుసటి ఏడు.

బస్తాలు వేసే గదిలో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. ఎలుకల కోసం మా అత్తమ్మే దానికి పాలుపోసి ఉంచుకుంది. అది గోతాల వెనక కూనల్ని పెట్టింది. రెండు వారాలకు మా మామయ్య చేలో ఎలుకల మందు పెట్టించాడు. మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నట్టుంది, బావి పక్కన కాళ్లు చాపి పడి ఉంది. కూనలు ఎక్కడున్నాయో వెతికి గోతాలు జరిపేసరికి ఒక్కటే కదులుతోంది. అరచేతిలో పట్టేంత ఉంది. కళ్లు అంతకు ముందే తెరిచినట్టుంది, కానీ పుసులు కట్టి రెండూ అతుక్కుపోయాయి. కుడి రెప్ప కింద చీము ఉబ్బి గోలీలా ఉంది. ఆ గదిలో గాలే కారం. పుట్టిన చోటే దానికి ఎదురు తిరిగింది.

అత్తమ్మ దాన్ని పాత చీరముక్కలో ఎత్తుకొని వసారాలో కూలబడింది.

"తల్లిని మనమే సంపుకున్నం. పిల్లిని సంపితే బంగారు పిల్లిని చేయించి కాశీల దానం ఇయ్యాలంటరు. ఇదన్నా బతకకపోతే నేనేడికి పోయేది?"

"కాశీ దాకా ఎందుకు అత్తమ్మా, ఏన్కూరు పశువుల దవాఖానాకు పోతే సరిపాయె" అన్నాను.

"పోయిరా మరి. నోరున్నదానివి గదా, నువ్వే పోవాలె."

నేను మాటకు మాట అనే రకం కాబట్టి ఆ మాటకు బస్సెక్కాను. కూరగాయల బుట్టలో కూన, ఒళ్లో బుట్ట. దవాఖానాలో మందులిచ్చే ఆయన బుట్టలోకి తొంగి చూసి, "పిల్లికా! ఎవరో బర్రెను తోలుకొచ్చిన్రనుకొని బయటికొచ్చిన" అన్నాడు. అన్నాడే గానీ వెలుతురులోకి తీసుకుపోయి, తడి దూదితో రెప్పలు విడదీసి జాగ్రత్తగానే చూశాడు.

"లోపల గుడ్లు మంచిగనే ఉన్నయమ్మా రెండు. గోరువెచ్చటి నీళ్లల్ల దూది ముంచి పుసి తుడువాలె, ఈ ట్యూబు లోపలికి పెట్టాలె. పొద్దుగాల, మాపటీలి. చేస్తే నిలుస్తయ్. లేకుంటే పువ్వేసి సూపు పోతది." ఇంతలో నా చెయ్యి వాసన చూసినట్టు ముక్కు ఎగబీల్చాడు. "మిరప ఏరుతున్నవా?"

"అవ్."

"అయితే నువ్వు ముట్టకు. దెబ్బతిన్న కన్ను అది, జెర్రంత కారం తగిలినా పోతది. మీ ఇంట్ల ఏరనోళ్లతోని పెట్టియ్యి."

"మా ఇంట్ల మిరప ముట్టంది ఈ పిల్లి ఒక్కతే."

ఆయన నవ్వాడు. "నా తాన తొడుగొకటి ఉంది గని, అది బర్రె ఈనలేకపోతే భుజం దాక వేసుకునేది. దాంట్ల నీ పిల్లిని మూట గట్టొచ్చు."

ఇంటికొచ్చి వేళ్లకు పాలిథిన్ కాగితం చుట్టుకొని ప్రయత్నించాను. జారిపోయింది. కూన అరుపుకు కల్లంలో వాళ్లంతా లేచి వచ్చారు. అత్తమ్మ మాత్రం పాలు పట్టే ఉపాయం కనిపెట్టింది. కారం అంటకుండా మోదుగాకు ముక్కతో దూది వత్తి చివర పట్టుకొని, రెండో చివర పాలలో ముంచి దాని నోట్లో పెట్టేది. చప్పరించేది. పొట్ట ఇట్లా నిండింది. కళ్ల మాటే మిగిలింది.

అప్పుడు మొదలుపెట్టాను ఇల్లిల్లూ తిరగడం. కూనను కొంగులో వేసుకొని, ప్రతి గడప ముందూ నిలబడి, కారం ముట్టని చెయ్యి మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడగడం. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు అంటారు కదా. వాడకు అదొక వినోదమైంది. "తల్లి సచ్చింది, బియ్యే సదివిన కోడలు తిప్పుతంది" అని ఒకరు, "ఎన్ని ఇండ్లాయె ఇప్పటికి?" అని ఇంకొకరు. మొక్కు కోసం తిప్పానని కూడా తర్వాత ఒక మాట పుట్టింది. మొక్కూ లేదు, నమ్మకమూ లేదు. నాకు కావలసింది చెయ్యి.

వాడ చివరి ఇంటి ముసలామె చేటలో తాలు చెరుగుతూ, తలెత్తకుండానే అంది: "కారం తగలని చెయ్యా? ఈ ఊర్ల గసొంటి చెయ్యి ఉయ్యాల్ల పిల్లకు ఉంటది." తర్వాత చేట ఆపింది. "మీ చిన్నత్తకు ఉంటది."

మా చిన్నత్తమ్మ అంటే మా మామయ్య తమ్ముడి భార్య, మా ఆడబిడ్డ చెప్పే చిన్నమ్మ. మా ఇంటికి సందు అవతలే ఇల్లు. ఒకప్పుడు అంతా ఒకటే కల్లం, ఒకటే పొయ్యి. ఆమె భర్త పోయిన ఏడు, మొదటి కోత కాయ కల్లంలో కుప్ప పోసి, పసుపు కుంకుమ చల్లి కొబ్బరికాయ కొట్టేటప్పుడు, అలవాటు చొప్పున ఆమె కూడా దోసిట్లో కాయలు తీసుకొని కుప్ప మీద వేయబోయిందట. మా అత్తమ్మ, "నువ్వు ఆగు చెల్లె, నీ చెయ్యి పెట్టకు" అన్నదట. అంతే అన్నది. తిట్టలేదు, తోయలేదు. కూలికి వచ్చిన వాళ్లంతా చూస్తుండగా ఆమె దోసిట్లో కాయలు నేల మీద పెట్టి, "ఈ చేతికి ఇగ మీ కారం అంటనియ్య అక్కా" అని ఇంట్లోకి పోయిందట. పంపకాలయ్యాయి. ఆమె తన వాటా కౌలుకిచ్చేసి, మళ్లీ ఏ కల్లంలోనూ కాలు పెట్టలేదు. ఇది నేను వెళ్లక ముందు జరిగింది. విన్నదే గానీ, ఇందులో ఎవరి మాటకూ తేడా లేదు, మా అత్తమ్మ మాటతో సహా. కూరలో కూడా ఆమె మిరియాలే వేసుకుంటుందని ఊళ్లో అనేవాళ్లు. అది మాత్రం కల్పన. కారమే వేసేది, చెంచాతో వేసేది. నేను చూశాను.

సరే, ఇంటికి వచ్చి అత్తమ్మతో చెప్పాను. ఆమె వత్తి ఆరబెడుతోంది.

"ఊర్ల ఇంకెవ్వరు లేరా?"

"లేరు."

"అందర్ని అడిగినవా?"

"అడిగే వచ్చిన. నవ్వులపాలయి వచ్చిన."

అత్తమ్మ కూన పడుకున్న గుడ్డ అంచు సర్దింది. "కన్ను పోతదా?"

"పోతది."

"పోయిరా మరి. నేను పంపిన అని చెప్పకు."

"ఎవరు పంపిన్రని చెప్పాలె?"

"పిల్లి పంపిందని చెప్పు."

నేను అదే చెప్పాను. చిన్నత్తమ్మ గడపలో కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నా కాపురమంతటిలో ఆమెతో పండగ పబ్బాల పలకరింపు తప్ప మాటల్లేవు. "పిల్లి పంపింది చిన్నత్తమ్మా" అని సంగతంతా చెబితే, ముందు పెద్దగా నవ్వింది.

"పిల్లికి తెలిసింది, మీ అత్తకు తెల్వలే." తర్వాత నవ్వు ఆపి, కుడిచెయ్యి తిప్పి చూసుకుంది, ఎవరిదో అన్నట్టు. "ఈ చెయ్యి మంచిది గాదు పిల్లా. నీకు చెప్పలేదా?"

"మంచిది గాకపోతే గాకపాయె. కారం లేదు గదా."

"నీ నోట్ల మాత్రం బాగనే ఉంది కారం" అని చేట పక్కన పెట్టి చెయ్యి చాపింది.

ఆ పూట ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. తొందర లేదు. దూది ముంచి రెప్ప మీద పెట్టి ఊరుకునేది. పుసి నానేదాకా ఆగేది, మళ్లీ పెట్టేది. ఊడి రానిదాన్ని లాగలేదు. నేను, "జల్దీ కాదా?" అంటే, "నీ కండ్లయితే గిట్లనే తొందరపెడ్తవా?" అంది. ఎడమ రెప్ప కింద మొదట సన్నని గీత, ఆ గీతలోంచి నీలం. పిల్లికూనల కళ్లు మొదట్లో నీలంగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. కుడివైపు చీము కారిపోయాక అక్కడా నీలమే. ఎర్రబడ్డ నీలం, కానీ నీలం. "సూస్తుంది" అంది చిన్నత్తమ్మ, మెల్లగా. దాన్ని కాదు, నన్ను కాదు, ఎటో చూస్తూ అంది.

ఆ తర్వాత పొద్దునా సాయంత్రం నాకదే పని. అటు మోయడం, ఇటు మోయడం, మధ్యలో మాటలు కూడా మోయడం.

"ఏమన్నది?" అని అడిగేది అత్తమ్మ.

"ఎవరు?"

"పిల్లి."

"పాలు చిక్కగ పోస్తున్నరట, పొట్ట ఉబ్బుతందట. నీళ్లు కలుపమన్నది పిల్లి."

"నాకు పిల్లిని సాకుడు నేర్పుతదా ఆమె! ఆమె పుట్టక ముందటి నుంచి సాకుతున్న నేను." మర్నాడు చూస్తే పాలలో నీళ్లు కలిసి ఉండేవి.

అటు వెళ్తే చిన్నత్తమ్మ: "మీ అత్త ఏమన్నది?"

"ఒత్తి తుడువొద్దని చెప్పమన్నది."

"కండ్లు నాకేమన్నా కొత్తనా అని చెప్పు. చెప్పకులే. సరే అన్నదని చెప్పు."

ఒకరోజు అత్తమ్మ పెరట్లో పత్తిచెట్టు దూది గింజలు తీసి, శుభ్రంగా దువ్వి, చిన్న ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. "దుకాణం దూది గరుకుంటది. ఇది ఇయ్యి" అంది. ఎవరికి అనలేదు. చిన్నత్తమ్మ ఆ ముద్దను ముక్కు దగ్గర పెట్టుకొని చూసి మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "మంచి దూదే. కాని కారం వాసనొస్తంది. పనికి రాదు." ఆ మాట నేను అట్లాగే తెచ్చి చెప్పాను. అత్తమ్మ ముఖం ఎర్రబడింది. "మజ్జిగల చేతులు నానబెట్టి, నిమ్మకాయ రుద్ది, అప్పుడు తీసిన! ఏ కారం? ఆమె ముక్కుకే ఉంది కారం." దూదిని పొయ్యిలో పడేసింది. మజ్జిగతో, నిమ్మకాయతో కారం పోతుందని మా వాడంతా నమ్మకం. మంట తగ్గుతుంది నిజమే. మంట తగ్గడమూ కారం పోవడమూ ఒకటి కాదు. తన చేతికి మంట లేదు కాబట్టి కారం లేదని ఆమె అనుకుంది.

కూనను చిన్నత్తమ్మ ఇంట్లోనే ఎందుకు ఉంచలేదు అని తెలివిగా అడిగేవాళ్లుంటారు. అడిగాను. "మీ ఇంటి పిల్లి మీ ఇంట్లనే ఉండాలె. రేపు నేను ఎత్తుకపోయిన అంటది మీ అత్త" అంది. ఇటు వచ్చి అదే అడిగితే అత్తమ్మ, "నా పాపం నా ఇంట్ల ఉండాలె, ఇంకొకరింట్ల కాదు" అంది. ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నా కాళ్లు.

కళ్లు బాగా తేరుకుంటున్నాయి. ఎడమది దాదాపు మామూలుగా ఉంది. కుడిది ఉదయాల్లో ఇంకా అతుక్కునేది గానీ తెరిస్తే నీలం కనబడేది. దారాన్ని ఆడిస్తే రెండు కళ్లతోనూ వెంట చూసేది. దవాఖానా ఆయన చూసి, "ఇంకొన్ని దినాలు ఆపకుండ పెడితే ఇగ భయం లేదు" అన్నాడు.

అప్పుడే ఖమ్మంలో మా అమ్మకు జ్వరమని కబురొచ్చింది. వెళ్లక తప్పదు. వెళ్లే ముందు అత్తమ్మను కూర్చోబెట్టి చెప్పాను.

"పొద్దున, మాపు, చిన్నత్తమ్మ తానికి తీస్కపోవాలె. ఒక్క పూట కూడ తప్పొద్దు."

"ఎవరితోనన్నా పంపుతలే."

"ఎవరితోని వద్దు. వాళ్ల చేతులకూ కారమే, దార్ల నిమురుతరు. మీరే బట్టల పెట్టుకొని పోండి. సందు దాటుడే గదా."

"సందు దాటుడే" అంది ఆమె, నా మాటనే తిరిగి అప్పగించినట్టు.

నాకు లోపల ఇంకో ఆలోచన లేకపోలేదు. నేను లేకపోతే మాటలు మోసేవాళ్లుండరు, ఎదురెదురుగా నిలబడక తప్పదు, నిలబడితే ఒకరైనా నోరు తెరవక తప్పదు అనుకున్నాను. ఇందులో తప్పు నాకు అప్పుడూ కనబడలేదు, ఇప్పుడూ కనబడదు. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. కానీ బస్సులో కూర్చొని నాలో నేను నవ్వుకున్నాను చూడండి, ఆ నవ్వు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

మూడోనాడు తిరిగి వచ్చేసరికి కూన వసారా మూలలో ముఖాన్ని గోడకు ఆనించి కూర్చుంది. పిలిస్తే రాలేదు. ఎత్తి చూశాను. కుడికన్ను వాచి, రెప్ప లోపలంతా పచ్చి పుండులా ఉంది. నీలం మీద పాలచుక్క పడ్డట్టు తెల్లటి పొర. ఎడమ కంటి నుంచి కూడా నీరు కారుతోంది. చేతులు కడుక్కునే జాలాడి దగ్గర గిన్నెలో మజ్జిగ, దాని పక్కన పిండేసిన నిమ్మతొక్కలు.

"చిన్నత్తమ్మ తానికి పోయిన్రా?"

అత్తమ్మ తాలు ఏరుతూనే ఉంది. "పొద్దుగాల పోదామనుకున్న. మనుషులు పనికొచ్చిన్రు."

"మాపటీలి?"

మంచి కాయ ఒకటి తాలులో పడేసింది.

"కన్ను మీరే తుడిచిన్రా?"

"చేతులు కడుక్కున్న" అంది. ఇంకోసారి అంది, "మంచిగ కడుక్కున్ననే." లేచి బర్రెకు గడ్డి వేయడానికి వెళ్లిపోయింది. అప్పటికే గడ్డి వేసి ఉంది.

కూనతో సందు దాటాను. చిన్నత్తమ్మ దాన్ని చూడగానే ముఖం తిప్పుకుంది, మళ్లీ తనే చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు రాకపోతివి, ఎవరితోని పంపకపోతిరి, మానిందేమో అనుకున్న" అంది. ఎడమ కన్ను కడుగుతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"నిన్న పొద్దుగూకే యాళ్ల బయట పిల్లి అరిసినట్టు ఇనబడ్డది. గడప ముందటనే. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండె. గంజి వార్చి వచ్చి సూసేటాళ్లకు ఎవరు లేరు."

ఆ కూన సందును తనంతట తాను దాటి వచ్చే వయసులో లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె దూది మళ్లీ నీళ్లలో ముంచింది.

కుడికంట్లో పువ్వు నిలిచిపోయింది. ఎడమ కన్నును మాత్రం చిన్నత్తమ్మ వదల్లేదు. మిరప బస్తాలు లారీ ఎక్కేదాకా పొద్దునా సాయంత్రం కడుగుతూనే ఉంది. ఆ కన్ను నిలిచింది. మా ఇంటి కథలో లేనిది ఈ ఒక్క వాక్యమే. ఆ చెయ్యి పడ్డందుకు ఒక కన్ను నిలిచింది.

ఇప్పుడు మా ఆడబిడ్డ దగ్గరికి వద్దాం. ఎండాకాలంలో వచ్చింది, పిల్లిని చూసింది. "దీని కండ్లకు ఎవరు చేసిన్రే అమ్మా?" అని అడిగింది. అత్తమ్మ, "మీ చిన్నమ్మ" అంది. అబద్ధం కాదు. అదే దానితో వచ్చిన కష్టం. మిగతాదంతా ఆడబిడ్డ తనే అల్లుకుంది. నేను ఊరుకోలేదు. "కన్ను పోయింది మీ చిన్నమ్మ చేతుల కాదు, మీ అమ్మ చేతుల" అన్నాను ముఖం మీదే. "మా అమ్మనా?" అని ఆమె తల్లి వైపు చూసింది. అత్తమ్మ మా ఇద్దరినీ చూసి, "అయిపోయినదానికి లొల్లి ఎందుకే" అంది. అవును అనలేదు, కాదు అనలేదు. మాట్లాడని మనిషికీ అరిచే మనిషికీ పోటీ వస్తే లోకం మాట్లాడని మనిషినే నమ్ముతుంది. నేను వాదించిన ప్రతిసారీ ఆ కథ ఇంకో నలుగురి చెవిన పడింది, అంతే.

చిన్నత్తమ్మ చెవిన కూడా పడింది. నేను ఉడికిపోతూ వెళ్లాను. ఆమె మాత్రం, "ఆ మాట ఈ చేతికి కొత్తనా పిల్లా" అంది.

పిల్లి పెద్దదైంది. ఒంటికన్నుతోనే ఎలుకల్ని పట్టేది, రెండిళ్లూ తనవే అన్నట్టు తిరిగేది. పగలు మా బస్తాల గది, సాయంత్రం చిన్నత్తమ్మ ఒడి. అయితే ఆ మాట విన్నాక ఆమె దాన్ని చేత్తో ముట్టడం నేను చూడలేదు. పిల్లి వచ్చి ఒళ్లో ముడుచుకుంటే, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, చేతులు రెండూ గాలిలో పెట్టుకొని కూర్చునేది, తడి చేతులు ఆరబెట్టుకున్నట్టు. పిల్లి తల పైకెత్తి ఆ చేతుల కోసం చూసేది. నేను ఒకసారి, "ముట్టుండ్రి చిన్నత్తమ్మా, ఏమైతది?" అన్నాను. "ఉన్న ఒక్క కన్ను ఉండనీ" అంది. నవ్వుతూనే అంది. అంత చెడ్డ నవ్వు నేను మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

కొన్నేళ్లకు పిల్లి ఎటో పోయి రాలేదు. ఇంకొన్నేళ్లకు చిన్నత్తమ్మ వానాకాలపు జ్వరంతో పోయింది. ఆ రోజు మా అత్తమ్మ సందు దాటింది. గుమ్మంలో కాసేపు నిలబడి, లోపలికి వెళ్లి, అందరితోపాటు కూర్చుంది. ఏడుపులో ఏమన్నదో నాకు వినబడలేదు. చుట్టూ ఆడవాళ్ల శోకాలు.

తొంభైల్లో అత్తమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది. కొత్తగూడెంలో చేయించి, కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టించి తీసుకొచ్చాం. సరిగ్గా మిరప ఏరే రోజులు. ఇంట్లో అందరివీ కారం చేతులే. చుక్కల మందు వేయడం కోసం నేను ఆ ఏడు కల్లం వైపు పోలేదు. చెప్పకుండానే మానేశాను. మొదటిరోజు గుడ్డ పైకెత్తుతుంటే అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నీ చేతికి కారం లేదు గదా?"

"లేదత్తమ్మా. ఈసారి ముట్టలే."

చెయ్యి వదిలింది. ఆ ముసలి ముఖం నా అరచేతికి ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. అడగొచ్చు అనిపించింది. గొంతు తగ్గించే అడిగాను, నన్ను నమ్మండి, వాదించడానికి కాదు.

"ఆనాడు మాపటీలి పిల్లిని పట్టుకొని ఆమె గడప దాక పోయిన్రా అత్తమ్మా?"

చుక్క పడింది. కంట్లోనే పడింది, నేను చూశాను. కనుకొలకు నుంచి కారి చెవి దాకా పోయింది.

"పడలే" అంది అత్తమ్మ. "మళ్ల ఎయ్యి."

మళ్లీ వేశాను. అంతకు మించి ఆమె నాకు చెప్పింది లేదు. ఇప్పుడు ఆమె కూడా లేదు. కథ మాత్రం ప్రతి పెళ్లిలోనూ ఉంది, నా గొంతు కూడా దాని వెనకాలే ఉంది. కన్ను ఎవరి చేతిలో పోయిందన్న దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఎవరు వచ్చినా తేల్చుకుంటాను. తేలనిది ఇంకొకటి. పొద్దుగూకే వేళ బట్టలో కూనను పెట్టుకొని సందు దాటి, పొయ్యి వెలుగు కనబడే గడప ముందు నిలబడ్డ మనిషి, "చెల్లె" అని పిలవలేకే వెనక్కి తిరిగిందా, లేక పిలిచిందా, ఆ పిలుపు గంజి వార్చే చప్పుడులో కలిసిపోయిందా?